మేడ మీది పెద్దమ్మ

కత్తి పట్టిందంటే డాక్టరమ్మ చేయి వణకదని ఆస్పత్రిలో అందరూ చెప్పుకుంటారు. అంతటి మనిషికీ తోటికోడలి పేరెత్తితే మాత్రం లోపల కలుక్కుమనేది.

ఇద్దరిదీ ఒకటే ఇల్లు. డాక్టరమ్మ కింద, తోటికోడలు మేడ మీద. పై ఆవిడ కొడుకులిద్దరూ హాస్టల్లో ఉంటారు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. డాక్టరమ్మ పొద్దున ఏడింటికి వెళితే ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు. భర్తది ఊళ్లు తిరిగే ఉద్యోగం. అందుకని వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు గువ్వ బడి నుంచి వస్తూనే మెట్లెక్కేసేది. చెప్పు తెగినా, లెక్క తప్పినా, స్నేహితురాలు మాట్లాడకపోయినా పెద్దమ్మకే చెప్పుకోవాలి. తల్లికి ఆ కబురు మర్నాటికి చల్లారిపోయి అందేది.

"మా అక్క లేకపోతే నా ఉద్యోగమే లేదు" అని డాక్టరమ్మ పదిమందిలో అనేది. అది నిజమే. ఆ అక్క ఉండడమే తన కడుపుమంట అని మాత్రం ఎవరితోనూ అనలేదు. ఒకసారి పెద్దమ్మ కుట్టిన గౌనుకు పోటీగా పెద్ద దుకాణంలో ఖరీదైన గౌను కొనుక్కొచ్చింది. "గుచ్చుకుంటోందమ్మా" అని గువ్వ క్షణంలో విప్పేసింది. ఆ పూట డాక్టరమ్మకు అన్నం సయించలేదు.

ఒక మంగళవారం ఆమె థియేటర్లో ఒక లారీ డ్రైవరు పేగు కుడుతుండగా నర్సు వచ్చింది.

"మేడమ్, మీ పాపని తీసుకొచ్చారు. కడుపునొప్పంట. పెద్ద డాక్టరుగారు చూస్తున్నారు."

పొట్ట తెరిచి ఉన్న మనిషిని వదిలి ఎలా వెళ్తుంది? ఆఖరి కుట్టు పడేదాకా నిలబడింది. తర్వాత పరుగెత్తింది.

"నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?" అని పెద్ద డాక్టరు ఆమెనే అడిగాడు. అదే ప్రశ్న ఆమె ఎన్ని వేలమందిని అడిగిందో!

"నిన్న సాయంత్రం ఐదింటికండీ" అంది వెనక నుంచి తోటికోడలు. "మొదట బొడ్డు చుట్టూ అంది. పొద్దున్నకి కుడి పక్కకి దిగింది. రెండు వాంతులయ్యాయి."

ప్రతి జవాబూ సరిగ్గా ఉంది. డాక్టరమ్మకు బిడ్డ మీద బెంగ కన్నా ముందు అసూయే పొంగుకొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"అరక్క అనుకుని రాత్రి నా దగ్గరే పడుకోబెట్టాను. అయినా చెబుతానంటే అదే వద్దంది. 'అమ్మకి రేపు పెద్ద ఆపరేషనుంది, చెప్పకు పెద్దమ్మా' అని ఒట్టు వేయించుకుంది."

అపెండిక్స్ అని తేలింది. కన్నబిడ్డ మీద కత్తి పెట్టకూడదు. పెద్ద డాక్టరే గువ్వను లోపలికి తీసుకెళ్లాడు. తోటికోడళ్లిద్దరూ బయట బెంచీ మీద మిగిలారు.

"లోపలేం చేస్తుంటారు?" అని అక్క అడిగింది. ఆవిడ పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"మత్తిచ్చి ఉంటారు. తర్వాత చిన్న కోత..."

"వద్దు, చెప్పకు." మళ్లీ ఆవిడే, "తర్వాత?" అంది.

"తర్వాత కుట్లు. రెండో మూడో."

"దానికి నువ్వంటే ఎంత గొప్పో తెలుసా! నేను రెండు రోజులు కూర్చుని గౌను కుట్టి ఇస్తే, 'మా అమ్మయితే మనుషుల్నే కుడుతుంది' అంటుంది. వినీ వినీ నాకు ఒళ్లు మండిపోతుంది."

అలాంటి వేళ సంతోషించకూడదు గానీ, డాక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఇంకా ఏమంటుంది?" అని సిగ్గు విడిచి అడిగింది.

గంట తర్వాత గువ్వ కళ్లు తెరిచింది. "పెద్దమ్మా, దాహం" అంది. డాక్టరమ్మ గుండెలో మళ్లీ ముల్లు దిగింది. అయినా "ఇప్పుడే తాగకూడదు తల్లీ" అంటూ తడి దూదితో తానే ఆ పెదవులు తుడిచింది. ఆ దూది మాత్రం అక్క చేతికివ్వలేదు.

ఆ నెల నుంచి మంగళవారం మధ్యాహ్నాలు ఆస్పత్రికి వెళ్లడం మానేసింది. పెద్ద డాక్టరు గొణిగాడు, ఆమె వినలేదు. మొదటి మంగళవారం గుమ్మంలో ఎదురుచూస్తే, గువ్వ సంచీ ఆమె చేతిలో పెట్టి పైకి తుర్రుమంది. డాక్టరమ్మకు ఒళ్లంతా కుళ్లు. తలుపు ధడాలున వేసేసుకుందామా అనిపించింది. చివరికి తనూ మెట్లెక్కింది.

పైన గువ్వ బడిలో జరిగిన తగవు చెబుతోంది, అప్పటికే సగమైపోయింది.

"మొదట్నుంచీ చెప్పు" అంది తల్లి, వాళ్లిద్దరి మధ్యకు జరిగి కూర్చుంటూ.

"అబ్బా, మళ్లీనా అమ్మా!" అంది గువ్వ. అని, మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.