మా వదినకో మందు, నాకో మందు

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కంపెనీలో బిల్లింగ్ ఉద్యోగంలో చేరిన ఏడాదే నా ముఖం నిండా మొటిమలు వచ్చాయి. కంచరపాలెంలో మా వీధి చివర మందుల షాపులో అడిగితే ఒక చిన్న ట్యూబు ఇచ్చారు. వారంలోనే ముఖం నున్నగా అయింది. నాలుగు నెలలు రోజూ రాశాను. ఒక్క రోజు మానేస్తే చాలు, బుగ్గలు ఎర్రబడి మండిపోయేవి. భయపడి మళ్లీ రాసేదాన్ని.

ఒక ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే మా వదిన నా గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పింది.

"ఏటే ఇది? సర్మం కింద నరాలు కనిపిత్తన్నాయి. ఏటి రాత్తన్నావ్?"

ట్యూబు చూపించాను.

"రేపు డాక్టరమ్మ కాడికెల్దాం. నాను కూడా వత్తాను. నా నుదురు మాత్రం బాగుందేటి, నిండా మొటిమలే!"

డాక్టరమ్మ ట్యూబు చూసి నిట్టూర్చింది. "ఇది స్టెరాయిడమ్మా. మొటిమల మందు కాదు. పైకి తగ్గినట్టు చూపించి చర్మాన్ని పల్చన చేసేస్తుంది." తిడుతుందనుకున్నాను. "తగ్గుతుంది, ఓపిక పట్టు" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ట్యూబు ఆపాక నెలంతా మంటే. ఆ నెల మాయిశ్చరైజర్ తప్ప ఇంకేదీ రాయొద్దంది. ఆ తర్వాత నాకు అడాపలీన్ జెల్ ఇచ్చింది, పడుకునే ముందు ముఖమంతటికీ బఠాణీ గింజంత. పిల్లల కోసం చూస్తున్న వదినకు, కడుపుతో ఉంటే అది వాడకూడదని, బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాసిచ్చింది.

రోజూ అద్దం ముందు ఇద్దరం పోల్చుకునేవాళ్లం. వదినకు మూడు వారాలకే పొక్కులు ఎండాయి. కాకపోతే ఆ జెల్ తగిలి అన్నయ్య నీలం తువ్వాలు మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. నాకేమో ముక్కు పక్కన పొట్టు రాలింది, కొత్తగా నాలుగు మొటిమలు లేచాయి.

"నీ మందే రాసుకుంటాను వదినా."

"ఊరుకో. మూడు నెల్లు సూడమని ఆవిడ సెప్పలేదేటి?"

ఆగాను. మూడో నెలలో ఒక ఉదయం ముఖం కడుక్కుంటుంటే నీళ్లు చల్లగా తగిలాయి. మంట లేదు. మచ్చలున్నాయి, కానీ కొత్తది ఒక్కటీ లేదు. మళ్లీ రెండు దోసిళ్ల నీళ్లు చల్లుకున్నాను. అప్పుడూ చల్లగానే ఉంది.

వంటింట్లో రొయ్యలు ఒలుస్తున్న వదిన దగ్గరికి తడి ముఖంతోనే పరిగెత్తాను. చేతులకు నీచు వాసనని, ఆమె తన చెంప తెచ్చి నా చెంపకు ఆనించింది.

"మెత్తగుందే!" అంది.