మరియమ్మ వద్దన్న మాత్ర

2008లో, ఇళ్లకు వెళ్లి క్యాన్సర్ రోగులను చూసే బృందంలో నన్ను నర్సుగా వేశారు. మేడ్చల్ రోడ్డు పక్క ఊళ్లు నా వంతు. నయం కాదని తేలినవాళ్లకు నొప్పి తగ్గించడమే మా పని. మార్ఫిన్ మాత్ర నొప్పి వచ్చాక వేసేది కాదు. రాకముందే, నాలుగు గంటలకొకటి చొప్పున వేయాలి. వెళ్లిన ప్రతిసారీ మిగిలినవి సరిచూసుకోవాలి.

గుండ్లపోచంపల్లిలో మరియమ్మ ఇంట్లో మాత్రలు ఎప్పుడూ ఎక్కువే మిగిలేవి. కుట్టుపని చేసుకుని బతికిన మనిషి. జబ్బు వెన్నెముకకు పాకింది. పక్కకు తిరగాలంటే దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకునేది.

ఎందుకు వేసుకోవడం లేదని అడిగాను.

“గోలీ ఏసుకుంటె మబ్బుగుంటాంది సిస్టరమ్మా. ప్రార్థన నడిమిట్లనే నిద్రొస్తాంది. నొప్పుంటెనే దేవుడు దగ్గరుంటడు. అది గూడ పోతె నాకేముంది?”

ఆమె అత్త ఎల్లవ్వ, పోచమ్మకు తప్ప ఎవరికీ మొక్కని మనిషి, ఉల్లిగడ్డలు కోస్తూ తలెత్తకుండానే అన్నది: “దగ్గరుంటె ఆయనకు సుత నిద్ర లేనట్టే పిల్లా. నీ మూలుగుడుకు గల్లీ అంత లేసి కూసుంటాంది.”

మరియమ్మ నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది.

నేను బడికి వెళ్లలేదు. నాయిన ఇంట్లోనే చదువు చెప్పి పరీక్షలు రాయించారు. బాధ మనిషిని శుద్ధి చేస్తుందని నేర్పిందీ ఆయనే. అందుకే మరియమ్మ మాటను కొట్టిపారేయలేకపోయాను. మా బృందం డాక్టరుగారిని అడిగితే, మొదట్లో వచ్చే మత్తు కొద్ది రోజుల్లో తగ్గుతుందన్నారు. ఆదివారం దాకా మానకుండా వేసుకొమ్మనీ, అప్పటికీ ప్రార్థన సాగకపోతే బలవంతపెట్టననీ ఆమెకు చెప్పాను. ఒప్పుకుంది.

సోమవారం వెళ్లేసరికి దిండుకు ఆనుకొని కూర్చుని ఉంది.

“ఎదురింటి పిల్ల జరం గురించి ప్రార్థన జేసిన. అత్త మోకాళ్ల గురించి సుత. ఇన్నొద్దులు నా నొప్పి తప్ప ఆయనకు ఇంకోటి చెప్పలే సిస్టరమ్మా,” అన్నది.

చివరి వారం జబ్బే ఆమెను నిద్రలోకి లాగింది. నేను వెళ్లిన రోజు ఎల్లవ్వ మంచం పక్కన కూర్చొని మెల్లగా మాట్లాడుతోంది. “గా పిల్లకు జరం ఇంక తగ్గలే. మా కోడలు అడుగుతుండె. ఇగ దానికి నోరు లేస్తలేదు, నేను అడుగుతున్న. జర సూడు.”

ఎవరిని అడుగుతోందో నేను అడగలేదు. రెండు రోజులకు మరియమ్మ పోయింది.

బాధ మనిషిని దేవుడి దగ్గరికి చేరుస్తుందని ఇప్పటికీ నమ్ముతాను. అయితే అది మితిమీరితే మనిషికి మరొకరు కనిపించరని ఆ ఇంట్లో చూశాను. చూడనిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞురాలిని. మాత్ర వద్దన్న రోగిని ముందు కారణం అడగాలి. ఆ కారణాన్ని తీసిపారేయకుండానే నొప్పి తగ్గించాలి.