కీ.శే. గోల్‌కీపర్

నరసాపురం రేవులో చచ్చిపోయిన మనిషొకడు నలభై ఏళ్ళుగా ఏరు దాటించే పంటు మీద టికెట్లు చింపుతున్నాడు. నలభై అంటే మరీ ఎక్కువైంది, పన్నెండే అనుకోండి. చచ్చిపోయాడన్నది కూడా సగమే నిజం. అచ్చులో చచ్చాడు, ఊపిరి మాత్రం ఆడుతోంది. పేరు కొల్లాటి సత్య త్రిమూర్తులు.

హాకీ ఆడి పొట్టపోసుకోవాలని గోదావరి జిల్లాలో ఎవరికైనా బుద్ధి పుడుతుందా? త్రిమూర్తులుకి పుట్టింది. తరతరాలుగా వలలు లాగిన కుటుంబం, తన వైపు వచ్చినదాన్ని పోనివ్వకపోవడం వాళ్ళ రక్తంలోనే ఉంది. కాకినాడలో కొత్తగా ఒక హాకీ లీగ్ పెట్టి జీతమిచ్చి ఆడిస్తామంటే, వెళ్ళి రెండో గోల్‌కీపర్‌గా చేరాడు. సీజనంతా బెంచీ మీదే కూర్చున్నాడు. ఆఖరి మ్యాచ్‌లో పెద్ద గోల్‌కీపర్ మోకాలు మెలిపడితే ఎనిమిది నిమిషాలు ఆడాడు. రెండు బంతులు ఆపాడు, మూడు వదిలేశాడు. మర్నాటికి లీగే లేదు. పెట్టినవాళ్ళు బోర్డు తిప్పేశారు.

అంతటితో పోతే అతణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకునేవాళ్ళు కాదు. కానీ అప్పటికే ఆటగాళ్ళ ఫొటోలతో కార్డులు అచ్చువేసి రస్కు ప్యాకెట్లలో పెట్టేశారు. ఆ అచ్చు పని శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు వేసే ఓ చిన్న కొట్టుకి పడింది. ఇచ్చిన కాగితం మీద కె.ఎస్. త్రిమూర్తులు అనే ఉంది. టైపు చేసినవాడి వేళ్ళు మాత్రం రోజూ తిరిగే దారిలోనే తిరిగాయి. "కీ.శే. త్రిమూర్తులు" అని పడింది. కీర్తిశేషులు! పైగా ఫొటోలో మొహానికి ఊచల హెల్మెట్టు. లోపల ఉన్నది ఎవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

ఊరు నవ్వింది. పంటు నడిపే సరంగు అప్పాజీ ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు. "ఒరేయ్ స్వర్గీయా! రేవొచ్చింది, తాడు కట్టరా!" అని అరిస్తే ప్రయాణికులు ఉలిక్కిపడతారు.

పాలకొల్లు సంబంధం వాళ్ళు మాత్రం నవ్వలేదు. పెళ్ళికూతురి నాయనమ్మ కార్డు తిప్పి తిప్పి చూసి, "పేరు ముందు ఆ రెండక్షరాలు పడ్డాక పిల్లనెలా ఇస్తామండీ?" అని లేచిపోయింది. ఆ మాట త్రిమూర్తులు గుండెల్లో ముల్లులా దిగబడింది. దొరికినచోటల్లా ప్యాకెట్లు కొన్నాడు. ఏడాదిపాటు ఇంటిల్లిపాదీ రస్కులే తిన్నారు. వచ్చిన ప్రతి కార్డు మీదా ఆ రెండక్షరాలని బ్లేడుతో గీకేశాడు. గీకిన ప్రతిసారీ కాస్త ప్రాణం లేచివచ్చినట్టుండేది. ఇక ఒక్కటీ మిగల్లేదనుకుని ఊపిరి పీల్చుకున్నాక, సాంబ్రాణి వాసన మొదలైంది.

రోజూ సాయంత్రం ఆరింటికి, పంటు సరిగ్గా నడి ఏట్లో ఉండగా వచ్చేది. డీజిలు కంపునీ, చేపల బుట్టల నీచునీ తోసుకుని మరీ వచ్చేది.

"నీకేమన్నా వాసనొస్తోందా?" అని అప్పాజీని అడిగాడు.

"సాంబ్రాణి వేసేది చచ్చినోళ్ళకి కదరా. నాకెందుకొస్తుంది?"

అప్పాజీకి అది హాస్యం. త్రిమూర్తులుకి కాదు. ఆ వాసన తగిలినంతసేపూ చేతిలో టికెట్ల కట్ట కనబడేది గానీ, దాన్ని పట్టుకున్న వేళ్ళు పలచబడినట్టుండేవి. ఎదురుగా నిలబడ్డవాళ్ళు తనలోంచి అవతలి గట్టుని చూస్తున్నట్టుండేది. ఎక్కడో ఒక కార్డు మిగిలిపోయింది. దాని ముందు ఎవరో రోజూ తనకి పొగ వేస్తున్నారు. అది కూడా గీకేస్తే తప్ప తాను బతికున్నవాళ్ళలో కలవడు.

ఈ ఏడాది వరదలు తగ్గాక దేవకుమారి పంటెక్కింది. ఊరూరా తిరిగి ఆడవాళ్ళు అల్లిన లేసు పోగుచేసే మనిషి.

"ఏవండీ, హాకీ ఆడి రస్కుల కార్డులో పడింది మీరేనంట కదా? అవతల ఏటిగట్టు కింద మా సంపూర్ణమ్మగారింట్లో మీ బొమ్మకి దండేశారండి. లేసు దండ! నాకమ్మమంటే అమ్మరు. ఎక్స్‌పోర్టు క్వాలిటీ అండి బాబూ!"

ఆ సాయంత్రమే త్రిమూర్తులు జేబులో బ్లేడు వేసుకుని ఏరు దాటాడు.

పెంకుటింటి వసారాలో సంపూర్ణమ్మ లేసు అల్లుతూ కూర్చుంది. ఆవిడ తల వెనక, గోడకి, చిన్న ఫ్రేములో కార్డు. చుట్టూ తెల్లటి దారపు దండ. పేరు ఉండాల్సినచోట మందంగా కుంకుమ బొట్టు. దాని పక్కన కీ.శే. అన్న రెండక్షరాలే మిగిలాయి. కింద మూకుట్లో పొగ లేస్తోంది. అదే వాసన.

"ఎవరమ్మా ఈయన?" అన్నాడు. గొంతు వేరెవరిదోలా వినబడింది.

"మా తమ్ముడు బాబూ, చిట్టియ్య. సముద్రం మీదికి వేటకెళ్ళాడు. బోటూ రాలేదు, మనిషీ రాలేదు. ఫొటో అంటే పారిపోయేవాడు సన్నాసి, ఒక్కటంటే ఒక్కటి లేదు. దణ్ణం ఎవరికి పెట్టుకోను, గోడకా? ఓ రోజు రస్కుల్లో ఇదొచ్చింది. మొహం కనబడదు కదా, మావాడనుకుంటే మావాడే. కీర్తిశేషులని కూడా వాళ్ళే రాసిచ్చారు."

"మరి ఆ చేతిలో కర్ర?"

"తెడ్డు అనుకున్నాను."

"అక్కడేదో పేరుండాలి కదండీ?"

"ఉంది, ఎవడిదో. బొట్టు పెట్టేశాను. ఏ తల్లి బిడ్డో పాపం, వాడికీ కాస్త పొగ అందుతుందిలే."

అందుతోందని చెప్పబోయి నోరు మూసుకున్నాడు. జేబులో బ్లేడు వేలికి తగిలింది. రెండు గీతలు గీస్తే చాలు, పన్నెండేళ్ళ శని వదిలిపోతుంది.

సంపూర్ణమ్మ అల్లకం ఒళ్ళో పెట్టుకుంది. "దేవకుమారి ఏదో అంది బాబూ. ఇందులో మనిషి బతికే ఉన్నాడంట, పంటు మీద టికెట్లిస్తాడంట. అది నువ్వేనా? నువ్వైతే తీసుకెళ్ళిపో. బతికున్నవాడికి పొగ వేసిన పాపం నాకొద్దు. మావాణ్ణి మళ్ళీ సముద్రంలోకి పంపించేస్తాను, అంతేగా."

త్రిమూర్తులు ఫ్రేము దగ్గరికి వెళ్ళాడు. ఎన్ని వందలసార్లు చూశాడో ఆ ఫొటో. హెల్మెట్టు ఊచల వెనక నీడలో రెండు కళ్ళు కనిపిస్తున్నాయి. ఉప్పు నీళ్ళకి ఎర్రబడ్డ కళ్ళు. అతనివి కావు.

జేబులోంచి చెయ్యి ఖాళీగా బయటికి తీశాడు.

"నేను కాదండి" అన్నాడు. "దేవకుమారిగారు ఎవర్ని చూసి ఎవరనుకున్నారో. మా ఇంటావంటా హాకీ లేదు."

ఇప్పుడు పంటెక్కి ఎవరు అడిగినా, అప్పాజీ ఎదురుగానే, కనురెప్ప వెయ్యకుండా అదే చెబుతున్నాడు. "లీగూ లేదు, కార్డూ లేదండి. ఎవరో పనిలేనివాళ్ళు పుట్టించిన కట్టుకథ. నా జన్మలో హాకీ కర్ర ముట్టుకోలేదు."