‘ఏక్ వార్’ అంటే వారం కాదు

ఆ రోజు పొద్దున చీరలకు మెరుపు టిక్కీలు అతికించడానికి కూర్చుంటే వేళ్లు ముడుచుకోలేదు. చలికేమో అనుకున్నాను. నెల తిరిగేసరికి జడ వేసుకోవడానికి కూడా చేతులు లేవలేదు. మేం సూరత్ వచ్చి అప్పటికి ఏడాదైనా కాలేదు. మా ఆయన రమేశ్‌ది పవర్‌లూమ్ కార్ఖానాలో పని.

ఆస్పత్రిలో ఆర్ఏ ఫ్యాక్టర్, ఈఎస్ఆర్ రక్తపరీక్షలు చేయించి, “రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, కీళ్లవాతం” అన్నారు డాక్టరుగారు. మెథోట్రెక్సేట్ మాత్రలు రాశారు. రమేశ్ డ్యూటీలో ఉండటంతో నేనొక్కదాన్నే వెళ్లాను. మందుల కౌంటర్లో మనిషి గుజరాతీలో గడగడా ఏదో చెప్పి, చివర “ఏక్ వార్” అన్నాడు. ఒక వారం కాబోలు, రోజుకొకటి చొప్పున వారం పాటు వేసుకోవాలి అనుకున్నాను. “సమజ్యా?”, అర్థమైందా అంటే తల కూడా ఊపాను. భాష రాదని నలుగురిలో ఒప్పుకోవడం నాకు నామోషీ. ఆ నామోషీయే నా కొంప ముంచింది.

ఐదో రోజుకు నోరంతా పుండ్లు. మంచినీళ్లు తాగినా మంటే.

“వేడి చేసిందేమో, మజ్జిగ తాగు. జర ఓపిక పట్టు” అన్నాడు రమేశ్. నేనూ అదే నమ్మి ఏడో మాత్ర కూడా వేసుకున్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం నోటికి పూతమందు కోసం ఇద్దరం మా గల్లీలోని మెడికల్ షాపుకు వెళ్లాం. అక్కడి ఫార్మసిస్టు భావనాబెన్. పూతమందు తీయబోయి ఆగి, ఇంకేం మందులు వాడుతున్నావని హిందీలో అడిగింది. సంచిలోంచి డాక్టరుగారి చీటీ, మాత్రల స్ట్రిప్ తీసిచ్చాను. పదింట్లో మూడే మిగిలాయి.

“రోజ్ ఖాయా?” అంది. రోజూ వేసుకున్నావా అని.

“హా. ఏక్ వార్ అన్నారు కదా. వారం అయిపోయింది.”

ఆమె ముఖం పాలిపోయింది. రమేశ్‌తో గుజరాతీలో గబగబా ఏదో చెప్పింది. అతను నోరు తెరిచి నావైపు చూశాడు.

“అయ్యో రజితా! వార్ అంటే సారి. వారానికి ఒక్కసారే ఏసుకోవాల్నంట. ఏడు వారాల గోలీలు ఏడు రోజుల్ల మింగినవ్!”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. భావనాబెన్ అప్పటికే చీటీ మీది నంబరు చూసి డాక్టరుగారికి ఫోన్ చేస్తోంది. ఏ మందు, ఎంత డోసు, ఏయే రోజులు వేసుకున్నానో అడిగి కాగితం మీద రాసి, స్ట్రిప్‌తో సహా రమేశ్ చేతిలో పెట్టింది. ఇంటికి వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లమంది. నోరు మండిపోతుంటే పూతమందు మాత్రం ఇవ్వలేదు. అప్పుడు ఆమె మీద నాకు ఒళ్లు మండింది. ఆ పుండ్లు మాత్రలు ఎక్కువైనందుకేనని ఆస్పత్రికి వెళ్లాకే తెలిసింది.

రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్స్ రెండూ పడిపోయాయి. విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆస్పత్రిలో మూడో రోజు వణుకుతో జ్వరం వచ్చింది.

“ఇన్ఫెక్షన్. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం” అన్నారు డాక్టరుగారు.

చచ్చిపోతానని భయపడ్డాను. తల ఊపి చచ్చిపోయిందని మా ఊళ్లో చెప్పుకుంటారే అని అంతకంటే ఎక్కువ సిగ్గుపడ్డాను. ఆ మాట చెబితే రమేశ్ నవ్వబోయి ఏడ్చాడు. ఐదో రోజు జ్వరం దిగింది. ఆ తర్వాత మెల్లగా కౌంట్ పెరిగింది.

కొన్ని నెలలకు డాక్టరుగారు అదే మందు తక్కువ డోసుతో మళ్లీ రాశారు. ఈసారి చీటీ పట్టుకుని భావనాబెన్ దగ్గరికే వెళ్లాను. ఆమె నెలకు సరిపడా నాలుగు మాత్రలే ఇచ్చింది. కవరు మీద నా చేతనే తెలుగులో ‘ఆదివారం మాత్రమే’ అని రాయించింది. ఎలా వేసుకోవాలో నన్నే చెప్పమంది. రెండుసార్లు తడబడ్డాను, మూడోసారి సరిగ్గా చెప్పాకే కవరు నా చేతికిచ్చింది.

ఇప్పుడు మళ్లీ టిక్కీల పని చేసుకుంటున్నాను. నెలనెలా రక్తపరీక్ష తప్పదు. నాలాంటివాళ్లకు ఒక్కటే చెబుతాను. మందుల కౌంటర్ దగ్గర ‘అర్థమైంది’ అనకండి. ఏం అర్థమైందో మీ నోటితో తిరిగి చెప్పండి. తప్పు చెబితే నవ్వుతారేమో. నవ్వనివ్వండి.