పూత వేయకుండా పంపిన పడవ ట్రైలర్

రెండేళ్ళ కిందటి మాట. వినాయక చవితి దగ్గర పడుతోంది, ముసురు మాత్రం విడవడం లేదు. బోరబండలో నాకు ఫాబ్రికేషన్ షాపు ఉంది. హైటెక్ సిటీ ఆఫీసులకు కేబుల్ ట్రేలు, హాస్టళ్ళకు ఇనుప మెట్లు, గ్రిల్స్, గేట్లు, ఇవే మా రోజువారీ పనులు. మాది కర్నూలు జిల్లా. ఇక్కడికొచ్చి చాలా కాలమైనా నా మాట మారలేదు, కోపమూ తగ్గలేదు. ఆ ముసురులో ఒక జీపు, పడవను మోసే చక్రాల ట్రైలర్‌ను లాక్కుని వచ్చి షాపు ముందు ఆగింది.

తెచ్చినవాడు యాదగిరి. చెరువు పక్క ఊళ్ళో చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు, గజ ఈతగాడు. నిమజ్జనాలప్పుడు సొంత పడవ వేసుకుని చెరువులో కాపలా ఉంటాడు. మూతపడిన ఒక బోటింగ్ క్లబ్బు నుంచి అంతకు ముందటేడు ఈ ట్రైలర్ కొన్నాడట. ముందున్న పొడుగాటి డ్రాబార్‌ను, అంటే జీపుకు తగిలించే బార్‌ను, మధ్యలో మడతపడేలా చేయమన్నాడు. చెరువుకు పోయే సందు మలుపులో ఆ పొడుగు తిరగడం లేదు. జీపు విప్పేసి, బార్ మడిచి, ట్రైలర్‌ను చేతులతో తోసుకుపోవాలని అతని ఆలోచన.

పని చిన్నదే, చిక్కంతా పైపూతతోనే. ఆ ట్రైలర్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింక్‌లో ముంచి తీసిన ఇనుము. ఆ పూత ఉన్నంతకాలం నీళ్ళలో దిగినా తుప్పు పట్టదు. కానీ దాని మీదే వెల్డింగ్ చేస్తే తెల్లటి పొగ లేస్తుంది. అది పీల్చినవాడికి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగి చేస్తే ఏమీ కాదని వెల్డర్లు అంటారు, నేను ఒప్పుకోను. అందుకని అతుకు పడే చోట జింక్ మొత్తం గ్రైండర్‌తో గీకించాను. అది చూసి యాదగిరికి ప్రాణం పోయినంత పనైంది.

"అయ్యో, ఏందక్కా గిట్ల జేస్తున్నవ్! దాన్ని జూసే గద నేను కొన్నది!"

"గీకకుంటే అతుకు గుల్లయిపోతాది. మళ్ళా పూత నేనే వేస్తాలేప్పా, గమ్మునుండు."

ఆ వేసేదాన్ని కోల్డ్ గాల్వనైజింగ్ అంటారు. జింక్ పొడి దట్టంగా కలిపిన పెయింట్ అది. ఇనుము పొడిగా ఉండాలి, ఒక కోటు ఆరాక ఇంకొకటి వేయాలి, గట్టిపడ్డాకే నీళ్ళలో దించాలి. కీలు, పిన్ను అమర్చి వెల్డింగ్ ముగించేసరికి చవితి వచ్చి వెళ్ళింది. ముసురు అలాగే ఉంది. గుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ చెమ్మ చేరుతోంది.

పండగ మూడో రోజు యాదగిరి వచ్చాడు.

"ఇగ ఇయ్యక్కా. ఎల్లుండి సంది పెద్ద గణపతులు వస్తయ్."

"పూత పడలేదు. వాన తెరిపిస్తే వేసి, ఆరినాక ఇస్తా. సగం పని నా షాపు గడప దాటదు."

"జర సిల్వర్ పెయింట్ కొట్టియ్యరాదు?"

నాకు ఒళ్ళు మండింది. "మొగానికి పౌడర్ కొట్టినట్టు కొట్టి పంపమంటావా? లోపల తుప్పు తింటాంటే పైన మెరుస్తా ఉంటాది. ఆ పని నాతో కాదు, వేరేవాళ్ళను చూసుకో పో."

అతను పోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పోయినేడు పడవ ఆ సందులనే ఇరుక్కున్నదక్కా. ఇప్పి మోస్కపోదామని చూస్తుండంగనే ఒక పిలగాడు నీళ్ళల్ల జారిండు. నేను దుంకిన, ఈదుకుంట పోయిన. అందలే. పడవుంటే అందేటోడు. వాళ్ళమ్మ నా అంగి పట్టుకొని, పడవ తెచ్చినవ్ గద, ఏడ వెట్టినవ్ అని అడిగింది. ఏం జెప్పాలె?"

ట్రైలర్ దగ్గరికి వెళ్ళి అతుకులు మళ్ళీ చూశాను. గట్టిగా ఉన్నాయి. పూత లేని చోటు అరచేయంత. చుట్టూ మిగిలిన జింక్ తాను కరుగుతూ పక్క ఇనుమును కొంత కాపాడుతుంది కూడా. కొన్ని రోజులు నీళ్ళలో దిగితే పైపైన ఎర్రబడుతుందే తప్ప కీలు విరగదు. నేను పంతం పట్టింది ట్రైలర్ కోసం కాదు, నా షాపు పేరు కోసం. సిగ్గేసింది.

"తీసుకుపో. నిమజ్జనాలు అయిపోతానే తెచ్చి నా ముందర పెట్టల్ల. తేలేదనుకో, మీ ఇంటికే వస్తా."

"గంగమ్మ తోడక్కా, తెస్త."

పని జరిగిపోయాక పూత కోసం తిరిగొచ్చే కస్టమర్లు అరుదు. నిమజ్జనాలు ముగిశాయి, ఎండలు కాశాయి, యాదగిరి జాడ లేదు. ఇంతేలే అనుకున్నాను. అలా అనుకున్నాక ఒక పొద్దున జీపు హారన్ వినబడింది. అతుకుల చుట్టూ అనుకున్నట్టే ఎర్రటి తుప్పు.

"ఏమైందప్పా?"

"నిమజ్జనం నాడు పొద్దుగాలనే పడవ దించినమక్కా. మలుపుకాడ బార్ మడిస్తె అల్కగ వోయింది. మాపటికి ఒకడు గణపతిని తీస్కవొయ్యే తెప్ప మీదికెళ్ళి జారి నీళ్ళల్ల పడ్డడు. పడవ పక్కపొంటే ఉండె. జుట్టు పట్టి గుంజిన."

"బతికినాడా?"

"బతుకుడేంది! నీళ్ళు కక్కిండు, లేచి కూసున్నడు, నా చెప్పులేడ వోయినయని నాతోని లడాయికొచ్చిండు!"

నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. వైర్ బ్రష్‌తో తుప్పంతా గీకించి, రెండు కోట్లు వేయించి, పూర్తిగా గట్టిపడేదాకా ట్రైలర్‌ను కదలనీయలేదు. యాదగిరీ తొందరపెట్టలేదు.

తుప్పు విషయంలో ఇప్పటికీ నేను ఎవరి మాటా వినను. కానీ ఆ ఏడు నుంచి, ఏ పని ఒప్పుకోబోయినా కొలతలు రాసుకోకముందే ఒక మాట అడుగుతున్నాను.

"ఇది ఏ రోజుకు కావల్ల? ఆ రోజుకు అందకపోతే ఎవరికి ఏమైతాది?"