జాలరిపేట కారుకు మంచు టైర్లు

2024 జనవరి. దువ్వాడ స్టేషన్ రోడ్డులో మా టైర్ల షాపు. నాన్న హయాంలో స్టీల్ ప్లాంటు లారీలకు పంక్చర్లు వేసిన చోటే నేనిప్పుడు కార్లకు వీల్ అలైన్‌మెంట్ చేస్తున్నాను, అంటే నాలుగు చక్రాలూ ఒకే దారిన తిన్నగా నడిచేలా సరిచేయడం. విశాఖలో టైర్లు కొనేవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు: మైలేజీ ఎంతొస్తుంది, ఎన్నాళ్ళు మన్నుతుంది. మూడో ప్రశ్న అడిగిన మహానుభావుడు ఎల్లాజీ.

ఎల్లాజీది జాలరిపేట. తండ్రి దాకా అందరూ సముద్రం మీద చేపల వేటకెళ్ళినవాళ్ళే. ఇతనికి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేస్తుంది. అందుకని సొంత కారు కొనుక్కుని ట్యాక్సీ తిప్పుకుంటున్నాడు. ఆ రోజు వచ్చి చాలాసేపు తల గోక్కున్నాడు.

"అక్కా, మంచు మీద జారని టైర్లు ఉన్నాయేటి? మైలేజీ మాత్రం తగ్గకూడదు."

నాకు నవ్వాగలేదు. "లంబసింగి ఎల్తన్నావేటిరా? అక్కడుండేది పొగమంచు. దానికి కావాల్సింది టైర్లు కాదు, లైట్లు."

"లంబసింగి కాదక్కా, హిమాచల్. సెల్లి పెళ్ళి."

అతని చెల్లెలు లక్ష్మి అక్కడ కొండల్లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ ఊరి కుర్రాణ్ణే ఇష్టపడింది. ఫిబ్రవరిలో పెళ్ళి. విమానంలో పోవచ్చు కదా అంటే, హార్బరులో చేపలమ్మే వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ ఒప్పుకోలేదట. కూతురి పెళ్ళికి తన చేత్తో ఎండబెట్టిన చేపలు బుట్టలకు బుట్టలు వెళ్ళాలి. ఆ వాసనతో విమానం ఎక్కనివ్వరు, రైల్లో పక్కవాళ్ళు ఊరుకోరు. సరే కారులో పోదామంటే, మంచు మీద కారు ఎక్కడ లోయలోకి జారుతుందోనని ఆవిడకు భయం. "నమ్మకం కుదిరితేనే ఎక్కుతాను, లేకపోతే పెళ్ళి ఫోన్లో సూత్తాను" అని తేల్చేసిందట. తల్లి లేకుండా పీటల మీద కూర్చోనని అక్కడ లక్ష్మి ఏడుపు. మధ్యలో నలిగిపోతున్నది ఎల్లాజీ.

ఇందులో చిక్కేమిటో చెప్పాలి. మైలేజీ ఇచ్చే టైరుకు రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువ, అంటే దొర్లేటప్పుడు రోడ్డు దాన్ని పెద్దగా వెనక్కి లాగదు, అందుకని డీజిలు తక్కువ తాగుతుంది. మంచు టైరు తీరు వేరు. చలిలో కూడా రబ్బరు బిగుసుకోకుండా మెత్తగా ఉంటుంది. దాని మీద సన్నటి గాట్లుంటాయి, వాటిని సైప్‌లంటారు, అవే మంచును పట్టుకుంటాయి. కానీ ఆ మెత్తదనమే మన ఎండ రోడ్డు మీద టైరును అరగదీస్తుంది, డీజిలూ తాగిస్తుంది. ఎల్లాజీకేమో అవ్వా కావాలి, బువ్వా కావాలి.

నాకు పౌరుషం వచ్చింది. ఢిల్లీ డీలర్లకు ఫోన్లు చేసి విసిగించాను. చివరికి ఆల్ సీజన్ టైర్లలో సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క భాగం మీద, మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉన్నవి దొరికాయి. మంచులో పరీక్షించి పాసు చేశారనడానికి అది గుర్తు. వాటిలోనూ ఇంధన పొదుపు లేబుల్లో మంచి గ్రేడున్నవి ఏరి తెప్పించాను. మరీ గడ్డకట్టిన దారుల్లో చక్రాలకు చుట్టడానికి గొలుసులు కూడా తీసుకెళ్ళమన్నాను.

టైర్లు బిగించిన రోజు అప్పలనర్సమ్మ కూడా వచ్చింది. మంచు పువ్వు గుర్తు చూపిస్తే, టైరును గోటితో నొక్కి చూసింది.

"పాపా, నాను పొద్దున్న లేత్తే ఐసు మీదే బతుకుతన్నాను. ఐసు మీద కాలు జారితే ఏటవుద్దో నాకు తెల్దేటి? బొమ్మ సూపించి ఎక్కమంటే ఎక్కను. ఐసు మీద నడిపి సూపించు."

విశాఖలో ఐసు రోడ్డు ఎక్కడ తేను? ఎల్లాజీయే దారి చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం ఫిషింగ్ హార్బరుకు పోయాం. అక్కడ ఐసు దిమ్మల్ని మిషన్లో వేసి నలగ్గొట్టి బోట్లలోకి ఎక్కిస్తారు. ఆ ఫ్యాక్టరీ మేస్త్రి ఎల్లాజీకి వరసకు బావ. "కారుకి కూడా ఐసేటి బావా?" అని నవ్వుతూనే, కింద పడిన ఐసంతా పారలతో తెచ్చి ఏటవాలు సిమెంటు దారి మీద మందంగా పరిపించాడు.

కొండమీది పొడిమంచు కంటే నీళ్ళోడుతున్న ఐసు ఎక్కువ జారుతుంది. ఇక్కడ కారు ఎక్కకపోతే ఆవిడ ప్రయాణమే కాదు, నా షాపు పరువూ అక్కడే కరిగిపోతుంది.

ఎల్లాజీ బీచ్ రోడ్డు మీద బస్సును దాటేవాడిలా ఎక్సిలేటర్ తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. కారు మాత్రం పీతలా పక్కకు జారి కిందికొచ్చింది. "రెండో గేరెయ్యి! పాదం తేలిగ్గా పెట్టు!" అని అరిచాను. రెండో గేరులో చక్రానికి అందే తోపు తగ్గుతుంది, కాబట్టి అది గిర్రున తిరిగిపోకుండా ఐసును పట్టుకునే వీలుంటుంది. ఈసారి సగం దాకా వెళ్ళి, కంగారులో మళ్ళీ తొక్కాడు, మళ్ళీ జారాడు.

అప్పటికే చేపల వేలానికొచ్చిన ఆడవాళ్ళంతా మూగారు. "సముద్రం మీద తేలనోడివి ఐసు మీద తేలతావేట్రా ఎల్లాజీ!" అని ఒకావిడ అంది. అందరూ గొల్లుమన్నారు.

అప్పలనర్సమ్మ ముఖం మారిపోయింది. చేతిలోని చేపల బుట్ట కింద పెట్టి, కొంగు నడుముకు బిగించి, ఆ ఐసు మీదే నడుచుకుంటూ పోయి, కారు తలుపు తీసి ముందు సీట్లో కూర్చుంది.

"అమ్మా, దిగే. జారుద్ది," అన్నాడు ఎల్లాజీ.

"జారితే ఇద్దరం జారతాం. నా కొడుకుని సూసి నవ్వుతారేటి? నువ్వు పోనీ."

పక్కన తల్లి కూర్చునేసరికి అతని పాదం దానంతటదే తేలికైంది. కారు గుడ్ల బుట్ట మోసినంత జాగ్రత్తగా కదిలింది. ఐసు కరకరలాడింది, సైప్‌లు పట్టుకున్నాయి, కారు ఎక్కడా ఆగకుండా పైకెక్కేసింది. ఆ కారులో ఇంజను తిప్పేది ముందు చక్రాల్నే, కాబట్టి ముందు కూర్చున్న మనిషి బరువూ పట్టుకు కలిసొస్తుంది. ఆవిడ దగ్గర ఆ మాట ఎత్తే ధైర్యం నాకు లేకపోయింది. పైకెక్కాక ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏటర్రా, ఇప్పుడు నవ్వండి!" అంది. నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు. నేనైతే నడివయసు మనిషినన్నది మరిచి ఎగిరి గంతేశాను.

ఫిబ్రవరిలో వీడియో కాల్ వచ్చింది. పట్టుచీర మీద స్వెట్టరు వేసుకుని, మోకాలి లోతు మంచులో అప్పలనర్సమ్మ, పక్కనే చలికి ముక్కు ఎర్రబడిన పెళ్ళికూతురు. "పాపా, ఇంత ఐసు! ఊరికే పడుంది, ఒక్క సేప లేదు!" అంటోంది ఆవిడ. వెనకనుంచి ఎల్లాజీ, "అక్కా, మైలేజీ కొంచెం తగ్గింది," అన్నాడు. "అమ్మెక్కింది కదరా, ఇంకేటి కావాల?" అన్నాను.

అంతకు ముందు నా దృష్టంతా టైరు మీదా, తోలేవాడి మీదే ఉండేది. గుర్తులు, గ్రేడులు చూపిస్తే నమ్మకం దానంతటదే వస్తుందనుకునేదాన్ని. అప్పలనర్సమ్మ ఆ టైర్లను నమ్మి కారెక్కలేదు. కొడుకు కోసం ఎక్కింది, ఎక్కాక నమ్మింది. ఇప్పుడు ఎవరు టైర్లకొచ్చినా, మైలేజీ మాట ఎత్తకముందే నేను మొదట అడిగేది ఒకటే: "పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు?"