చెప్పులు విడిచిన చోటు

మొన్నటి మే నెల, రెండో శుక్రవారం, సాయంత్రం నాలుగుంబావు. ప్యారిస్‌లో అద్దాల గోపురం ఉన్న పెద్ద మ్యూజియం ముందర మావాళ్లను నిలబెట్టి తలలు లెక్కపెట్టాను. ఒక తల తక్కువ వచ్చింది. అది ఎవరిదో మళ్లీ లెక్కపెట్టకుండానే తెలిసిపోయింది. ఓబుళమ్మ.

మాది ప్రొద్దుటూరు. ముప్పై ఏళ్లకు పైగా యాత్రల బస్సు నడుపుతున్నాను. కాశీ, రామేశ్వరం, షిరిడీ, పండరిపురం. ఆ గుళ్లన్నీ చూసేసినవాళ్లు "ఇంగేముండాది సుబ్బయ్యా?" అని అడగడం మొదలుపెట్టాక విమానం యాత్రలకు కూడా దిగాను. చదువుకునే వయసులో నేను బస్సు క్లీనర్ని. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నాను. కాబట్టి నా రాతలో తియ్యదనం వెతకొద్దు. ఈ పని ఎట్లా ఉంటుందని అడిగేవాళ్లు మాత్రం చాలామంది. విసుగ్గా ఉంటుంది. ఎంత విసుగ్గా ఉంటుందో చెప్పడానికి ఆ ఒక్కరోజు చాలు.

ముందు మా పనిలో ఒక కట్టుబాటు చెప్పాలి. ఇప్పటి టూర్లవాళ్లు 'మీటింగ్ పాయింట్' అంటారు. గుంపు నుంచి విడిపోయినవాళ్లు వచ్చి నిలబడాల్సిన చోటు. మావాళ్లకు వీధి పేరు చెబితే గుర్తుండదు, గేటు నంబరు చెబితే అసలే గుర్తుండదు. అందుకని మొదటి యాత్ర నుంచీ నేను పెట్టుకున్నది ఒకటే మాట: "తప్పిపోతే చెప్పులు ఇడిసిన కాడికి రాండి." తన చెప్పులు ఎక్కడ విడిచిందీ మరిచిపోయే మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు. కాశీ సందుల్లో కూడా ఈ మాట పనిచేసింది. బస్సు కదలగానే నేను ఈ మాట చెబుతాను. ప్యారిస్‌కు పోయేటప్పుడు విమానం ఎక్కకముందే చెప్పాను. అలవాటు.

ఓబుళమ్మది లింగాల పక్క పల్లె. గొర్రెలు మేపిన ఇల్లు, ఇప్పుడు చీనీ, అంటే బత్తాయి, తోట కూడా ఉంది. ఆమె వెంట తోడికోడలు నారాయణమ్మ వచ్చింది. ఇద్దరికీ ఒకే సూట్‌కేసు, ఒకే ఫోను, నిమిషం ఖాళీ లేని జగడం.

ఆ రోజు పొద్దున మొదట పోయింది కొండ మీద ఉన్న తెల్లటి చర్చికి. ప్యారిస్ చూడబోయేవాళ్లకు చెబుతున్నాను, ముందు అక్కడికే పోండి. ఊరంతా కాళ్ల కింద పరిచినట్టు కనిపిస్తుంది. మెట్లు చాలా ఉన్నాయి గానీ మన తిరుమల ఎక్కినవాళ్లకు అవి లెక్కలోకి రావు. లోపలికి పోయి, ఒక దండం పెట్టుకుని బయటికి వచ్చేసరికి ఓబుళమ్మ మెట్ల మీద వట్టి కాళ్లతో అటూ ఇటూ వెతుకుతోంది. చెప్పులు విడిచి లోపలికి పోయిందట. ఎవరి కాలు తగిలిందో ఏమో, ఒక చెప్పు నాలుగు మెట్లు కిందికి పోయింది. అది దొరికేదాకా అందరం ఆగాము. కింద కోచ్ డ్రైవర్ పావెల్ గడియారం మీద వేలుతో కొట్టి చూపిస్తున్నాడు. కోచ్ అంటే మన టూరిస్టు బస్సే. ఆ దేశాల్లో దాన్ని ఎక్కడ పడితే అక్కడ ఆపనివ్వరు. డ్రైవరు కూడా ఇన్ని గంటలకు మించి బండి నడపకూడదు. దానికి 'డ్రైవర్ అవర్స్' అని చట్టం ఉంది. బతిమాలినా వినరు.

నాకు కోపం వచ్చింది. "ఓబుళమ్మా, చూడు. ఈ ఊర్లో చెప్పులు ఇప్పేది ఈడికే సరి. ఇంగ యాడా ఇప్పగూడదు. అర్థమాయెనా?"

"గుడికి చెప్పులతో పోతారా ఎవురన్నా?"

"ఈడ పోతారు!"

"వీళ్లు పోతారు. నేను వీళ్లా?"

నారాయణమ్మ అందుకుంది. "అక్కా, ఆ యప్ప చెప్పినట్టు ఇనరాదా? నీ చెప్పులకు కాపలా ఉండేకి వచ్చినామా మేము?"

ఓబుళమ్మ చెప్పులు తొడుక్కుంది. ఆ తర్వాత సేనాపతుల పేర్లు చెక్కిన పెద్ద కమాను దగ్గర ఆమె కాళ్లు నేనే చూసుకున్నాను. విప్పలేదు. అక్కడినుంచి ఇనుప టవర్‌కు పోయాము. అందరూ ఆ ఊరికి పోయేది దానికోసమే గదా. పులివెందుల గంగిరెడ్డి తల పైకెత్తి చూసి, "ముద్దనూరు కాడ కరెంటు టవర్లు ఇట్లనే ఉంటాయి గదా మామా. ఇది రొంత పొడుగు, అంతే" అన్నాడు. రెండో అంతస్తులో మా గైడ్ సెల్వం, పుదుచ్చేరి నుంచి వచ్చి ఆ ఊళ్లోనే స్థిరపడిన మనిషి, దూరంగా కొండ మీద చర్చి తెల్లటి గుండు చూపించి వచ్చీరాని తెలుగులో చెప్పాడు: "అమ్మా, పొద్దున మనం పోయింది అదే." అందరూ ఫోన్లు ఎత్తారు. ఓబుళమ్మ చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను "బిన్నా రాండి, బిన్నా రాండి" అని తరుముతూనే ఉన్నాను.

మధ్యాహ్నం మస్తాన్ పొద్దున్నే కలిపి పెట్టిన పులిహోర, పెరుగన్నం నది పక్కన కూర్చుని తిన్నాము. మస్తాన్ నా వంటమనిషి, మొదటి కాశీ యాత్ర నుంచీ నాతోనే ఉన్నాడు. గంగిరెడ్డికి ఆ నదిని చూస్తే కడుపు మండింది. "ఇన్ని నీళ్లు ఊరి నడిమద్దెన ఊరికే పోతాండాయి. ఎవురూ పైరుకు పెట్టుకోరా?" మైలవరం డ్యామ్‌లో ఇంత నీళ్లు ఎప్పుడు చూశామా అని పెద్ద చర్చ లేచింది. అరగంట పోయింది.

ఆ తర్వాత మ్యూజియం. నవ్వీ నవ్వనట్టున్న ఆడమనిషి బొమ్మ ముందర తిరునాళ్ల జనం. గోపాలయ్య శెట్టి భార్య సరోజమ్మ, "ఇంత చిన్నదా? మా అంగట్లో క్యాలెండరు దీనికంటే పెద్దది" అన్నది. వాళ్లకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి. అందరూ నవ్వుతూ బయటికి వచ్చారు. ఆ నవ్వుల్లో, ఆ తోపులాటలో ఓబుళమ్మ లేదు.

ఇక చూడండి నా అవస్థ. జమ్మలమడుగులో రిటైరైన పద్మనాభయ్య సారు వెంటనే ఫోన్ తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: 'ఓబుళమ్మగారు ఎక్కడ ఉన్నా వెంటనే గ్రూపులో తెలియజేయగలరు.' నారాయణమ్మ చేతి సంచిలో ఫోను టింగుమన్నది. ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే.

"సారూ, ఆ ఫోను మా కాడనే ఉండాది. ఆ యమ్మకు ఫోను ల్యా!"

"ఏమో అమ్మా, మన ప్రయత్నం మనం చెయ్యాలి గదా."

సెల్వం పోలీసుల దగ్గరికి పోయాడు. ఫోటో అడిగారట. పొద్దటినుంచి తీసిన ఫోటోలన్నీ వెతికాము. ఒకదాంట్లో ఓబుళమ్మ కళ్లు మూసుకుంది, ఒకదాంట్లో ముఖం అటు తిప్పింది, ఇంకోదాంట్లో టవర్ నిండుగా ఉంది గానీ కింద ఆమెది కొంగు మాత్రమే పడింది. నేను మస్తాన్‌ను అద్దాల గోపురం దగ్గర నిలబెట్టి, పక్కనే ఉన్న తోటంతా తిరిగాను. తిరిగి తిరిగి గోపురం దగ్గరికి వస్తే అక్కడ మస్తాన్ లేడు. నన్ను వెతకడానికి పోయాడు. ఇట్లాంటి గుంపును ఏం చేసుకోవాలి?

ఆరు గంటలకు పడవ ఉంది. నది మీద ఊరు చూస్తూ పోయే ఆ పడవ కోసమే గోపాలయ్య శెట్టి ఊరి నుంచి కొత్త కోటు తెచ్చుకున్నాడు. "ఒకామె కోసం అందరం నష్టపోవల్లనా?" అని నసిగాడు. సరోజమ్మ అతని వైపు చూసిన చూపుకు కోటు మళ్లీ సంచిలోకి పోయింది.

పడవ పోయింది. ఎనిమిది దాటినా అక్కడ పొద్దు కుంకదు. అదొక్కటే ధైర్యం. అయితే ఓబుళమ్మకు చక్కెర జబ్బు. మాత్రలు, బెల్లం ముక్క, నీళ్లసీసా అన్నీ నారాయణమ్మ సంచిలోనే ఉన్నాయి. మధ్యాహ్నం తిన్న పులిహోర తప్ప ఆమె కడుపులో ఏమీ లేదు. పొద్దున నుంచి జగడమాడిన నారాయణమ్మ ఆ సంచిని రొమ్ముకు అదుముకుని బల్ల మీద కూర్చుంది. ముఖం చూస్తే నాకే భయమేసింది. భయమేస్తే నాకు నోరు పెరుగుతుంది.

"ఆ యమ్మకు ఎన్నిసార్లు చెప్పినా, తప్పిపోతే ఉన్న కాడనే ఉండమని..."

"ఎప్పుడు చెప్పినావు అట్ల?" నారాయణమ్మ లేచింది. "సుబ్బయ్యన్నా, నువ్వు చెప్పింది చెప్పులు ఇడిసిన కాడికి రమ్మని! మా అక్క కాశీకి నీ బస్సులోనే పాయె, రామేశ్వరానికి నీ బస్సులోనే పాయె. ఆ మాట ఒక్కటే ఆమెకు తెలుసు. పొద్దన చెప్పులు ఇప్పొద్దంటివి. ఇప్పని మనిషి యాడికి వస్తాదప్పా? ఆమెకు ఈ ఊర్లో చోటే ల్యాకుండా చేస్తివి గదా నువ్వు!"

ఆమె ఈ ఊళ్లో చెప్పులు విప్పింది ఎక్కడో అప్పుడు గుర్తుకొచ్చింది. ఒక్కచోటే.

"సెల్వం, ఆ తెల్ల గుడి ఎంత దూరం?"

"నడిచి పోతే గంట పట్టును అన్నా. అంత దూరం పాటి, అదే అవ్వ, పోవాదు."

"ఆ యమ్మ గొర్రెల వెంట ఇడుపులపాయ కొండలు తిరిగిన మనిషి. పోతాది."

పావెల్‌ను బతిమాలాము. పద్మనాభయ్య సారు ఇంగ్లీషులో, సెల్వం ఫ్రెంచిలో, నేను తెలుగులో. అతనికి ఏ భాష అర్థమైందో తెలియదు గానీ, బండి షెడ్డుకు పోయే దారిలోనే కొండ కింద దించుతాను, ఆ తర్వాత మీ దారి మీది అన్నాడు. దించి వెళ్లిపోయాడు. మాట మీద నిలబడే మనిషే, కాదనను.

మెట్లు ఎక్కుతుంటే రుక్మిణమ్మకు, అంటే సారు భార్యకు, ఆయాసం వచ్చింది. గంగిరెడ్డి ఆమె సంచి అందుకున్నాడు. మొదట పైకి చేరింది నారాయణమ్మ. అరవై దాటిన మనిషి, మెట్టుకు మెట్టు విడిచి పరుగెత్తింది.

ఓబుళమ్మ అక్కడే ఉంది. పొద్దున చెప్పులు విడిచిన మెట్టు మీదే. చెప్పులు రెండూ పక్కపక్కన సరిగ్గా పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది. పక్కన ఒక కుర్రవాడు గిటారు వాయిస్తుంటే, అతని ముందు పెట్టుకున్న టోపీ గాలికి పోకుండా కాలివేలితో తొక్కిపట్టి ఉంది.

మమ్మల్ని చూడగానే అరిచింది. "యాడ తిరుగుతాండారప్పా అందరూ? ఎంతసేపని కూసోవల్ల? ఒక్కరన్నా వస్తారేమోనని ఈడనే చూస్తాండా!"

"మేమా?" నా గొంతు కీచుమన్నది. "తప్పిపోయింది నువ్వు!"

"నేనెందుకు తప్పిపోతా? జనంలో మీరు కనపడకపోతిరి. నది కాడికి పోయి చూసినా, ఇండ్ల మింద ఈ గుండు కనపడె. ఇంగ దాన్ని చూసుకుంటా వచ్చినా. ఇండ్ల సందులో దాంకునె, మర్లా కనపడె. నేను చెప్పులు ఇడిసిన కాడికే వచ్చినా సుబ్బయ్యా. మీరే ఎవురూ చెప్పులు ఇడవకపోతిరి. మీకు యాడికి రావల్లో తెలీకపాయె."

నారాయణమ్మ మాత్రలు తీసి ఆమె నోట్లో వేసి, నీళ్లు తాగించి, బెల్లం ముక్క కూడా పెట్టింది. అప్పుడు వీపు మీద ఒకటి గట్టిగా చరిచింది. "చస్తివేమో అనుకుంటి గదే ముండా!" అని పక్కనే కూలబడి ఏడ్చింది. తోడికోడళ్లు ఒకే కొంగుతో ముఖాలు తుడుచుకున్నారు.

తొమ్మిది దాటి మసక చీకటి పడుతుంటే కింద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పక్కకు జరిగి చూస్తే చెట్ల సందున టవర్ కొన కనిపించింది. మేము పోగొట్టుకున్న పడవ లాంటివి ఆ దీపాల మధ్య ఎక్కడో తిరుగుతూ ఉండాలి. గోపాలయ్య శెట్టి సంచిలోంచి కోటు తీసి తొడుక్కుని కూర్చున్నాడు. ఎవరు ముందు విడిచారో నాకు తెలియదు. బహుశా సరోజమ్మ. ఒకరి తర్వాత ఒకరు చెప్పులు, బూట్లు విప్పి ఆ మెట్ల మీద పెట్టారు. చివరికి నేను కూడా.

ఆ రోజు నాకు నేర్పింది ఇంతే. మనిషికి తెలిసిన ఒక్క దారినీ విసుగులో మూసేసే ముందు, ఇంకో దారి చూపించాలి. అది చేతగాకపోతే నోరు మూసుకోవాలి. ఇప్పుడు ఏ కొత్త ఊరికి పోయినా, మొదటి రోజు మొదటి చోట, అది గుడి అయినా, బజారయినా, విమానాశ్రయం బయటి బల్ల అయినా సరే, అందరిచేతా చెప్పులు ఒకసారి విప్పిస్తాను. కాలు నేలకు ఆనించి ఆ చోటు చూసుకోమంటాను. చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. విప్పేదాకా బస్సు కదలదు.

ఆ రోజు ఆ మెట్ల మీద వట్టి కాళ్లతో కూర్చున్నవాళ్లం: జమ్మలమడుగు పద్మనాభయ్య సారు, రుక్మిణమ్మ; ప్రొద్దుటూరు గోపాలయ్య శెట్టి, సరోజమ్మ; పులివెందుల గంగిరెడ్డి; పుదుచ్చేరి సెల్వం; వంట మస్తాన్; లింగాల పక్క నారాయణమ్మ; ఈ రాసిన వెంకటసుబ్బయ్య; మా అందరికంటే ముందు వచ్చి కూర్చున్న ఓబుళమ్మ.